పదిహేనో జోడి

గిర్ని వదిన పోయి ఈ రోజుకు పద్నాలుగు రోజులు. ఆ సోమవారం పొద్దున నేను వరండాలో కూర్చుని ఈ ఏడాది యాత్రకు పట్టిక గీస్తున్నాను. వీధి మలుపులోని పిండి గిర్ని ఇంకా మొదలు కాలేదని తెలుస్తూనే ఉంది. కరెంటు లేదేమో అనుకున్నాను. అంతలో ఆమె కొడుకు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మ పోయింది టీచరమ్మా."

నా నోట వచ్చిన మొదటి మాట, "ఎన్ని గంటలకు?"

"గడియారం సూడలే టీచరమ్మా" అన్నాడు.

కన్నతల్లి ప్రాణం పోతుంటే గడియారం ఎవరు చూస్తారు? నేను చూస్తాను. మా ఆయన పోయినప్పుడు చూశాను కూడా. ముప్పై ఆరేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పిన మనిషిని. నా ఇంట్లో పాలు కాచే వేళ నుంచి మనవరాలు పుస్తకం మూసే వేళ వరకు అన్నీ గోడ మీద రాసి ఉంటాయి. ఈ అలవాటును నేను బతుకంతా గొప్పగా చెప్పుకున్నాను. ఈ నాలుగు పేజీలు రాయడానికి కారణం కూడా ఆ అలవాటే. ముందు ఆమె గురించి చెబుతాను. నా సంగతి తరువాత వస్తుంది. దాన్ని తప్పించుకుని పోను.

ఆమె పుట్టిల్లు కర్ణాటక సరిహద్దుకు అవతల, హుమ్నాబాద్ వైపు ఒక పల్లె. పెళ్లై జహీరాబాద్ వచ్చింది. భర్త పెట్టిన గిర్నిని ఆయన పోయాక తానే నడిపింది. ఝరాసంగం నుంచి, మొగుడంపల్లి నుంచి జొన్నల సంచులు ఆటోల్లో వచ్చి ఆమె గుమ్మం ముందు దిగేవి. సంచి మీద పేరు రాసేది కాదు, చీటీ కట్టేది కాదు. మూతి కట్టిన తాడు ముడి చూసి ఇది ఎవరిదో చెప్పేది. నలభై ఏళ్లలో ఒకరి పిండి ఇంకొకరి సంచిలో పడిందని ఎవరూ అనగా నేను వినలేదు. కొత్త సంచి పోసినప్పుడు మొదట వచ్చే దోసెడు పిండిని పక్కన ఒక తట్టలోకి తీసేది. అందులో ముందువాళ్ల పిండి కలిసి ఉంటుంది కదా. తట్టలోది సాయంత్రం కోళ్లకు వేసేది.

"గింజ ఎవ్వరిదైన గిర్నికి ఒక్కటే. మనిషికే ఎవ్వరిది వాళ్లకు ముట్టాలె" అనేది.

సంచి నిండగానే "ఆయ్తు, ఆయ్తు" అని కన్నడంలో కేక వేసేది. అయిపోయిందని అర్థం. కేక ఎందుకంటే ఆమె మెల్లగా మాట్లాడటం మరిచిపోయింది. గిర్ని చప్పుడుకు చెవులు కొంచెం కొంచెంగా పోయాయి. మనం గట్టిగా అరిస్తే సగం వినబడేది, మిగతా సగం పెదవులు చూసి అర్థం చేసుకునేది. గిర్ని మాట మాత్రం ఆమెకు చెవులతో పని లేకుండా తెలిసేది. నడుస్తున్న యంత్రం మీద అరచేయి పూర్తిగా ఆనించి కళ్లు మూసుకునేది. "రాయి అరిగింది" అనో, "గింజల మట్టిపెల్ల ఉన్నది" అనో చెప్పేది. ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

రిటైరైన మరుసటి ఏడాది నుంచి నేను మా వీధి ఆడవాళ్లను యాత్రలకు తీసుకుపోవడం మొదలుపెట్టాను. మగవాళ్ల మీద ఆధారపడకుండా, ఒక బస్సు మాట్లాడుకుని, నాలుగు రోజులు నాలుగైదు ఊళ్లు. గుళ్లు, కోటలు, బజార్లు. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో నా పట్టికలో ఉండేది. పట్టిక నాదే గాని, ఆ పట్టికలోని ఊళ్లన్నీ గిర్ని వదినవి. ఏ దారిలో గుంతలు, ఏ గుడికి ఏ రోజు పోతే లైనులో నిలబడాల్సి వస్తుంది, ఏ ఊళ్లో ఆడవాళ్లకు కాస్త మరుగైన చోటు దొరుకుతుంది, అన్నీ ఆమె చెప్పినవే. నేను మ్యాపు పట్టుకుని గిర్ని ముందున్న బల్ల మీద కూర్చునేదాన్ని. ఆమె పిండి అంటిన చేతులతోనే నా మ్యాపు మీద వేలు పెట్టేది. ఆ మ్యాపు ఇప్పటికీ నా దగ్గర ఉంది. బీదర్ మీద, గాణగాపూర్ మీద, పండరీపూర్ మీద తెల్లటి వేలిముద్రలు.

ఏడేళ్ల కిందట ఒక్క రోజులో మూడు ఊళ్లు పెట్టి తయారుచేసిన పట్టిక చదివి వినిపించాను. పొద్దున తుల్జాపూర్, మధ్యాహ్నం పండరీపూర్, సాయంత్రానికి సోలాపూర్ బజారు, దుప్పట్లు.

ఆమె నవ్వింది. "టీచరమ్మా, తొందర తొందర పట్టిస్తే పిండి మాడుతది. వాసన సూసినవా ఎన్నడన్న? రొట్టె గూడ సాగది. ఊళ్లు గూడ గంతే."

"నాలుగు రోజులే ఉన్నాయి వదినె."

"ఉంటే ఉండనీ. రెండు ఊళ్లు తీసెయ్. తీసేసి ఆ బిజాపూర్ గుమ్మటం ఒక్కటి పెట్టు."

అది గుడి కాదు, మనవాళ్లు అడగరు అన్నాను. ఆమె సంచి మూతి కడుతూ, తల ఎత్తకుండా, తనకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి తీసుకుపోయాడని చెప్పింది. ఆ గోల్ గుమ్మటం పైన గుండ్రంగా అరుగులాంటి చోటు ఉంటుంది. ఇటువైపు గోడకు నోరు పెట్టి గుసగుసగా చెప్పిన మాట అటువైపు గోడకు చెవి పెట్టినవాళ్లకు వినబడుతుంది. తండ్రి ఆ చివర నిలబడి ఏదో చెప్పాడట.

"ఏం చెప్పిండు?" అన్నాను.

"అది నాకే" అంది. తరువాత, "గీ చెవులకు మళ్ల ఇనొస్తదా అని" అంది.

ఆమె నన్ను అడిగిన యాత్ర అదొక్కటే. రెండు ఊళ్లు తీసేసి పెట్టాను. అందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

నా యాత్రలకు పది నియమాలు ఉండేవి. అందులో మొదటిది జోడి. బడి పిల్లలను ఎక్కడికి తీసుకుపోయినా ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని నడవాలి. ఎవరి జోడికి వాళ్లే జవాబు చెప్పాలి. ఆడవాళ్లకు కూడా అదే పెట్టాను. ప్రతి జోడికి ఒక నంబరు. బస్సు కదిలే ముందు నేను ముందు నిలబడి నంబరు పిలుస్తాను. జోడి పక్కనే ఉంటే "ఉంది" అనాలి. తలలు లెక్కపెట్టే పని లేదు. ఏదైనా మార్పు ఉంటే జోడిలో ఒకరికి చెబితే చాలు, రెండో మనిషికి చేరుతుంది.

ఆ ఏడాది నాతో కలిపి ముప్పై మందిమి. బయలుదేరే ముందు రోజు గిర్ని ముందు చీటీలు పంచాను. ఏ ఊళ్లో ఏ సమయానికి ఎక్కడ కలవాలో నా చేతి రాతతో రాసినవి. గిర్ని వదిన కన్నడ బడిలో నాలుగో తరగతి చదివింది. ఆ అక్షరాలు మన అక్షరాలకు చుట్టాలు కాబట్టి కూడబలుక్కుని తెలుగు చదివేది. చీటీ మొత్తం చదివి అడిగింది.

"నా జోడి ఎవ్వరు టీచరమ్మా?"

నేను జాబితా చూసుకున్నాను. పద్నాలుగు జోడీలు అయ్యాయి. ఆమెతో జోడి కడతామని ఎవరూ అడగలేదు. పక్కన కూర్చుంటే అరిచి మాట్లాడాలి, బట్టలకు పిండి అంటుతుంది. ఆ కారణాలు నాకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు.

"నువ్వు నాతోటే" అన్నాను.

ఆమె ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. పక్కనే ఉన్న బట్టల దుకాణం చెల్లెలితో, "సూసినవా, నాకు టీచరమ్మే జోడి. ఇగ నాకేం ఫికర్ లేదు" అని వీధంతా వినబడేలా చెప్పింది.

బట్టల దుకాణం చెల్లె అంటే మా వీధిలో బట్టల కొట్టు నడిపే ఆయన భార్య. మా బస్సులో నవ్వులన్నీ ఆమెవే. "వదినె, టీచరమ్మ పక్కన ఉంటే తుమ్ము గూడ టైంకే తుమ్మాలె, చూసుకో" అంది. అందరం నవ్వాం.

కాని బస్సులో నా సీటు ముందర డ్రైవరు పక్కన, కాగితాలు పరుచుకోవడానికి. గిర్ని వదినది చివర, తిండి డబ్బాల పక్కన. ఆమెకు నంబరు ఇవ్వలేదు. పదిహేనో జోడి అని ఒకటి ఉందని నా పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

బిజాపూర్‌లో పొద్దున్నే గుమ్మటం ఎక్కాం. "బడి పిల్లలు రాకముందే పోవాలె, వచ్చినంక ఒర్రుడు దప్ప ఏం ఇనరాదు" అని ఆమె చెప్పినందుకే పట్టికలో తెల్లవారుజామున లేవడం పెట్టాను. ఇరుకు మెట్లు. ఆమె గోడ పట్టుకుని, ప్రతి మలుపులోనూ ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, "ఆయ్తు, ఆయ్తు, ఇంక రెండే" అని తనకు తానే చెప్పుకుంటూ ఎక్కింది. పైకి వెళ్లాక నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వు అటు పోయి గోడకు నోరు పెట్టు. ఒర్రకు. మెల్లగ, చెవుల చెప్పినట్టు చెప్పు. ఏదన్న చెప్పు."

నేను అవతలికి నడిచాను. గడియారం చూసుకున్నాను. ఏడూ నలభై రెండు. ఏడూ నలభై ఐదుకు దిగాలని పట్టిక. గోడకు నోరు పెట్టి, "టైం అయింది వదినె, దిగుదాం" అన్నాను.

తరువాత రాతిలోంచి ఆమె గొంతు వచ్చింది. నేను ఎన్నడూ వినని చిన్న గొంతు. "ఇనొచ్చింది టీచరమ్మా. దిగుదాం అన్నవ్. మొత్తం ఇనొచ్చింది."

దిగాం.

భోజనాలయ్యాక బజారు. సాయంత్రం నాలుగు గంటలకు గుమ్మటం ముందు గేటు దగ్గర కలవాలని చీటీలో ఉంది. బస్సు అక్కడే ఆగి ఉంది. మూడు గంటలకు డ్రైవరు ఫోను చేశాడు. పోలీసులు బండి తీయమన్నారని, అవతలి రోడ్డులో పెట్రోలు బంకు పక్కన పెట్టుకున్నానని చెప్పాడు. నేను బజారులో ఎదురైన వాళ్లకు ఎదురైనట్టు చెప్పాను, మిగిలిన వాళ్లకు ఫోను చేశాను. ప్రతి జోడికి చెప్పి పుస్తకంలో టిక్కు పెట్టాను. పద్నాలుగు టిక్కులు పడ్డాయి. మనసు కుదుటపడింది.

నాలుగుంబావుకు బస్సు ముందర నిలబడి పిలిచాను.

"ఒకటి?"

"ఉంది!"

"రెండు?"

"ఉంది!"

పద్నాలుగు వరకు అందరూ పలికారు. నేను డ్రైవరుతో "పోనీ బాబు" అన్నాను.

గంటంబావు ప్రయాణం చేసి సోలాపూర్ దారిలో టీకి ఆగాం. బట్టల దుకాణం చెల్లె వెనక్కి తిరిగి, "వదినె, పేలపిండి తియ్. టీలకు ఏం లేదు" అని అరిచింది. ప్రతి యాత్రకు గిర్ని వదిన జొన్న పేలాలు విసిరి, బెల్లం కలిపి, పెద్ద డబ్బా నిండా తెచ్చేది. డబ్బా సీటు కిందనే ఉంది. ఆమె సంచి ఉంది. నేను ఫోను చేస్తే ఆ సంచిలోంచే మోగింది. ఎట్లాగూ వినబడదని ఆమె దాన్ని వెంట పట్టుకుపోయేది కాదు.

ఆ మోత వింటున్నప్పుడు నా చేతిలో టీ గ్లాసు ఉంది. అప్పుడు నాకు అర్థమైంది. పద్నాలుగు జోడీలు నిజమే చెప్పాయి. పదిహేనో జోడిని పిలవలేదు. పిలిచి ఉంటే "లేదు" అని చెప్పాల్సిన మనిషిని నేనే. బడిలో పిల్లల లెక్క బేసి వచ్చినప్పుడల్లా, మిగిలిన పిల్ల చేయి నేను పట్టుకునేదాన్ని. ముప్పై ఆరేళ్లలో ఒక్క పిల్లను ఎక్కడా విడిచి రాలేదు.

బస్సు వెనక్కి తిప్పించాను. దారంతా ఒకటే గొణుగుడు. ఆ రాత్రికి సోలాపూర్ బజారు పోయినట్టే, దుప్పట్లు పోయినట్టే. "చెవులు ఇనరానోళ్లకు యాత్రలెందుకమ్మా" అని ఎవరో అన్నారు. నేను వినీ, ఊరుకున్నాను. నిజం చెబితే, ఊరుకోవడం కాదు. ఆ మాట నాకు పనికొస్తుందని పట్టుకున్నాను.

మేము చేరేసరికి చీకటి పడుతోంది. ముందు గేటు పక్కన, సరిగ్గా చీటీలో రాసిన చోట, ఆమె నిలబడి ఉంది. చంకలో చిన్న మూట. బిజాపూర్ తెల్లజొన్నలు, రెండు సోలలు, వాసన చూడటానికి కొనుక్కుంది. చేతిలో చీటీ. నేను మొదట దిగాను. గేటు కాపలావాడు నన్ను చూసి కన్నడంలో కోపం చేశాడు. ఆ భాష నాకు కొంచెం వస్తుంది. ఈ అమ్మ మూడున్నర నుంచి ఇక్కడే ఉంది, కూర్చోమంటే కూర్చోలేదు, మంచినీళ్లు తాగి రమ్మంటే జోడి వస్తదని కదల్లేదు అని చెప్పాడు.

నా వెనక ఇరవై ఎనిమిది మంది దిగుతున్నారు. నేను అప్పుడు ఒక మాట చెప్పాలి. రెండు ముక్కల మాట. నేను మరిచిపోయాను అని. దానికి బదులు గొంతు పెంచి, బడిలో అరిచినట్టు అరిచాను.

"వదినె! చెప్పిన టైంకు చెప్పిన చోట ఉండాలని తెల్వదా? నీ ఒక్కదాని కోసం ఇంతమంది ఎన్కకు రావాల్నా?"

ఆమె నా పెదవులు చూసింది. మొత్తం అర్థమైంది. నా వెనక ఉన్నవాళ్లను చూసింది, మళ్లీ నన్ను చూసింది. చేతిలోని చీటీని రెండు మడతలు పెట్టింది, మూడో మడత పెట్టింది, మెల్లగా రొంటిన దోపుకుంది. ఆ చీటీ ఒక్కటి విప్పి చూపిస్తే నా మాట అక్కడే అబద్ధమయ్యేది.

"తప్పయింది టీచరమ్మా" అంది, అందరికీ వినబడేలా. "జొన్నలు సూసుకుంట సూసుకుంట మరిశిన. గీ చెవులొకటి పాడయినయ్ గదా. ఏమనుకోకున్రి."

బస్సెక్కి, తన డబ్బా మూత తీసి, అందరికీ పేలపిండి పంచింది. నాకు కూడా ఇచ్చింది. తిన్నాను.

ఆ తరువాత ఆమెకు మా వీధిలో ఇంకో పేరు వచ్చింది. బస్సును మర్లిచ్చినామె, అంటే వెనక్కి తిప్పించినామె. గిర్ని దగ్గర ఎవరు సంచి దించినా, "వదినె, జల్ది పట్టు, బస్సు పోతది" అనేవారు. ఆమె అందరికంటే గట్టిగా నవ్వేది. "పోనీ, నా జోడి మర్ల తోలుకొస్తది" అనేది. ఆ మాటకు అందరూ నవ్వేవాళ్లు. నేను ఆ సంచుల మధ్య నిలబడి, నా వంతు ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

మరుసటి ఏడాది యాత్ర కాగితంలో పదకొండో నియమం చేర్చాను. చెవులు సరిగా వినబడనివారు ఇంటి మనిషిని తోడు తెచ్చుకుంటేనే బస్సులో చోటు. అందరికీ పంచినట్టే ఆమెకూ ఒక కాగితం ఇచ్చాను. గుమ్మంలో నిలబడి కూడబలుక్కుంది. "చె, వు, లు... చెవులు. స, రి, గా..." చివరిదాకా చదివింది. చదివి, కాగితం నాకు తిరిగి ఇచ్చింది.

"మంచిగ రాసినవ్ టీచరమ్మా. ఈయేడు నాకు గిర్ని ఇడిసి వచ్చుడు కాదు గని, పేలపిండి నేను పంపిస్త" అంది.

పంపింది. ఆ ఏడాది పంపింది, ఆ తరువాత యాత్ర జరిగిన ప్రతిసారీ పంపింది. బస్సు మలుపు తిరిగేటప్పుడు గిర్ని గుమ్మంలో నిలబడి చేయి ఊపేది. ఎప్పటిలాగే దారులు చెప్పేది, మ్యాపు మీద వేలు పెట్టేది. ఆమె చెప్పిన దారుల్లో మేము పోయాం. ఆమెను తప్ప అందరినీ తీసుకుని.

చెప్పాలని నేను అనుకోలేదని కాదు. ఒకసారి వెళ్లాను. ఇంట్లో జొన్నపిండి డబ్బా నిండా ఉండగానే ఇంకో సంచి జొన్నలు పట్టుకుని వెళ్లాను. ఎవరూ లేరు. ఆమె గింజలు పోసి గిర్ని వేసింది. ఆ చప్పుడులో, ఆమె యంత్రం వైపు తిరిగి ఉండగా, వీపు నాకు పెట్టి ఉండగా, నేను చెప్పాను.

"వదినె, ఆనాడు తప్పు నీది కాదు. నాది. నేను నిన్ను మరిచిపోయిన."

చెప్పానంటే చెప్పాను. నా చెవులకే వినబడలేదు. ఆమె అరచేయి యంత్రం మీద ఉంది. ఏమనిపించిందో, గిర్ని ఆపేసి నా వైపు తిరిగింది. ఇద్దరమే ఉన్నాం. చప్పుడు లేదు.

"ఏదో అన్నవ్ టీచరమ్మా?"

"సన్నగా పట్టమన్నాను" అన్నాను.

ఆమె నా ముఖం కాసేపు చూసింది. "సన్నగనే పడుతున్న" అని మళ్లీ గిర్ని వేసింది. గుమ్మటం పైన గుసగుసలాడితే చాలు వినబడే చోట నేను టైం అయిందని చెప్పాను. అరిచినా వినబడని చోట తప్పు ఒప్పుకున్నాను. లెక్కల టీచరును. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నేనెవరో నాకు తెలుస్తోంది.

పదకొండో రోజు వాళ్లింట్లో భోజనాలకు మా బస్సు ఆడవాళ్లంతా వచ్చారు. విస్తళ్లు లేచాక వాకిట్లో కూర్చుని ఆమె మాటలు తలుచుకుంటున్నారు. ఒకరు తాడు ముడుల సంగతి చెప్పారు. ఒకరు పేలపిండి సంగతి చెప్పారు. తరువాత, వస్తుందని నాకు తెలిసిన కథే వచ్చింది.

"బిజాపూర్ల బస్సును మర్లిచ్చింది యాదికున్నదా" అంది బట్టల దుకాణం చెల్లె, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ. "జొన్నలు సూసుకుంట నిలబడ్డదంట. సొంత గిర్ని ఇడిసి పోయి మళ్ల జొన్నలే. గామె మనసు గామెదే తియ్."

అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. ఆమె కోడలు కూడా నవ్వింది. నేను లేచి నిలబడ్డాను.

"ఆమె ఆలస్యం కాలేదు. మూడున్నరకే వచ్చి నిలబడింది. బస్సు చోటు మారిన సంగతి ఆమెకు నేను చెప్పలేదు. ఆమె జోడిని నేను. నేనే మరిచి వచ్చిన. ఇన్నేండ్లు మీరంతా ఆమెను అన్న మాట నన్ను అనాల్సింది."

అప్పుడు బట్టల దుకాణం చెల్లె లేచి వచ్చి నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఊకో టీచరమ్మా. నువ్వు మరుసుడేంది? నిమిషం గూడ మరువనిదానివి. పోయినోళ్ల మీది ప్రేమతోటి తప్పు నీ మీద ఏసుకుంటున్నవ్. పెద్ద మనసు నీది."

నలుగురూ అవునన్నారు. కోడలు నా కాళ్ల దగ్గర కూర్చుని, "మా అత్తమ్మ ఇంట్ల గూడ తనే మరిశిన అని చెప్పింది టీచరమ్మా. ఒక్కసారి గూడ నీ పేరు తీయలే. నువ్వు బాధపడకు" అంది.

నా నిజాన్ని వాళ్లు నా మంచితనం కింద వేసుకున్నారు. ఇంటికి వచ్చి ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అందుకే రాస్తున్నాను. నోటి మాటకు మర్యాదలు అడ్డం పడతాయి. కాగితం మీద గంటలు, నిమిషాలతో సహా పెడితే నమ్ముతారేమోనని. ఇది చదివేవాళ్లలో ఆ బస్సులో కూర్చున్న మీరు ఇరవై ఎనిమిది మంది ఉంటారు. మీ జోడీలను మీరే అడగండి. బస్సు పెట్రోలు బంకు దగ్గరికి మారిందని మీకు చెప్పిందెవరు? గిర్ని వదినకు చెప్పమని మీలో ఎవరితోనైనా నేను అన్నానా? అనలేదు. ఇకమీద బిజాపూర్ కథ మన వీధిలో ఎవరు చెప్పినా ఇట్లా చెప్పండి. ఆమె వేళకే వచ్చింది. చెప్పిన చోటే నిలబడింది. ఆమె జోడి రాలేదు.

ఈ ఏడాది పట్టిక సగంలో ఉంది. పదకొండో నియమం కొట్టేశాను. ఇప్పుడు కొట్టేసినా అది ఆమెకు పనికిరాదని తెలుసు. యాత్రకు తీసుకుపోవడానికి నా బదులు ఇంకెవరినైనా చూసుకోమని వీధివాళ్లకు కూడా చెప్పాను.

ఆ గుమ్మటం మీది సంగతి ఒకటి పైన చెప్పకుండా వదిలేశాను. ఆమె "మొత్తం ఇనొచ్చింది" అన్నాక నేను గోడ విడిచి, గడియారం చూసుకుంటూ మెట్ల వైపు కదిలాను. మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అంత పెద్ద గుండ్రానికి అవతల ఆమె చిన్నగా కనబడింది. కదల్లేదు. నడుస్తున్న గిర్ని మీద పెట్టినట్టే అరచేయి గోడకు ఆనించి, కళ్లు మూసుకుని ఉంది. నేను ఇంకా అక్కడే ఉన్నాననుకుంది. చెవి గోడకే పెట్టి ఉంది.